లోమంటను కొలిపించడానికి అబిడ్స్ పోయి వచ్చాం

మా జనగామలో మా చెల్లె భాగ్య గురించి ఇప్పుడు మూడు కథలు తిరుగుతున్నాయి. కడుపు కోయించుకుని చావు దాకా పోయి వచ్చిందని ఒకటి. కోయించుకున్నా లాభం లేకపోయిందని ఇంకొకటి. చివరికి నాంపల్లిలో ఎవరో పొడి ఇస్తే అన్నీ తగ్గాయని మూడోది. మూడూ అబద్ధాలే. మూడో అబద్ధం మరీ ప్రమాదం. దాన్ని నమ్మి మా వీధిలో ఇద్దరు ఇప్పటికే ఆ పొడి అడ్రసు అడిగారు. రైలెక్కి వెళ్లినవాళ్లం ముగ్గురమే. మాలో గ్రంథాలయం మెట్లెక్కినవాణ్ని నేనొక్కణ్నే. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పెట్టే పని నా మీద పడింది.

భాగ్య బస్సు కండక్టరు. బరువు పెరిగి, మోకాళ్లు వాచి, బస్సు నడిమి దారిలో నడవలేని స్థితి వచ్చాక డిపోలో పాసుల కిటికీ వెనక కూర్చోబెట్టారు. మనుషుల్ని తోసుకుంటూ టికెట్లు కొట్టిన మనిషికి కిటికీ జైలే. పోయిన వేసవి మొదట్లో అబిడ్స్‌లోని ఒక ప్రైవేటు దవాఖానలో కడుపును చిన్న సంచిలా చేసి పేగుకు కలిపే ఆపరేషన్ చేయించుకుంది. మొదట బరువు గబగబా దిగింది. దసరా దాటాక ముల్లు కదలడం మానేసింది. మోకాళ్ల నొప్పి కొంత తగ్గింది కానీ పోలేదు. ఇక ఊరికి పండగే. "గింత చేసి ఏమొచ్చింది?" అని అడగడానికి పనిగట్టుకుని ఇంటికి వచ్చినవాళ్లున్నారు. వచ్చినవాళ్లు చాయ్ తాగి మరీ పోయారు.

జనవరి చివర్లో డాక్టరు రమ్మంది. ఈసారి బరువు కాదు, లోపలి మంట ఎంత ఉందో రక్తంలో మళ్లీ చూద్దామంది.

ఆ మాట నాకు కొత్త కాదు. నేను ఎరువుల దుకాణంలో పనిచేస్తాను, చదువు పదో తరగతితో ఆగింది. కానీ మా శాఖా గ్రంథాలయంలో శరీరశాస్త్రం బీరువాను పై అర నుంచి కింది అర దాకా చదివినవాణ్ని. దెబ్బ తగిలిన చోట ఎర్రబడి, వాచి, వేడెక్కడం అందరికీ తెలుసు. ఒంటిని కాపాడే కణాలు అక్కడికి పరుగెత్తుకు రావడం వల్ల అలా అవుతుంది. దాన్ని పుస్తకాల్లో శోథ అంటారు, డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు, నేను లోమంట అంటాను. పని కాగానే అది ఆరిపోవాలి. బరువు మరీ ఎక్కువైన మనిషిలో ఆరదు. కొవ్వు మా గోదాంలో యూరియా బస్తాల్లా ఊరికే పడి ఉంటుందని అందరూ అనుకుంటారు. కాదు. నిండిపోయి ఊపిరాడని కొవ్వు కణాలు ఆపద వచ్చినట్టు కబుర్లు పంపుతాయి. కాపాడే కణాలు వచ్చి అక్కడే కాపురం పెడతాయి. శత్రువు లేడు, యుద్ధం మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆ సెగ రక్తంలో తిరిగి కీళ్లను, గుండె నాళాలను తాకుతుంది, చక్కెర అదుపును చెడగొడుతుంది. సెగ తగిలినప్పుడు కాలేయం ఒక ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. సీఆర్‌పీ పరీక్ష అంటే దాన్ని కొలవడమే. ఆపరేషన్ అయిన కొత్తలో కోత వల్ల ఆ అంకె పైకి పోతుంది. తర్వాత నెలల తరబడి కొవ్వు కరిగేకొద్దీ చాలామందిలో దిగివస్తుంది, అందరిలో ఒకేలా కాదు.

ఇదంతా చెప్తే భాగ్య, "మరి నాకు దిగిందా, లేదా? గది చెప్పన్నా," అంది. దానికోసమే ప్రయాణం. అంకె దిగితే డాక్టరు చెప్పినట్టే తింటూ, మందులు వేసుకుంటూ, మళ్లీ రూటెక్కే దాకా ఓపిక పడతానంది. దిగకపోతే తన భర్త సత్తయ్య మాట వింటానంది. సత్తయ్య మాట ఏమిటంటే, నాంపల్లి పొడి.

రైలు

మన దేశంలో లావుగా ఉన్న ఆడమనిషి రైలెక్కితే పెట్టెలో ప్రతివాడూ వైద్యుడవుతాడు. ఆలేరు రాకముందే ఒకాయన తేనె, గోరువెచ్చని నీళ్లు చెప్పాడు. ఇంకో ఆవిడ మెంతులు చెప్పింది. కిటికీ పక్క పెద్దమనిషి మాత్రం ఉచితంగా తిట్టాడు.

"నోరు కట్టేసుకోవాలమ్మా. నోరే అన్నిటికీ మూలం."

భాగ్య ఆయన ఒళ్లో ఉన్న మిర్చి బజ్జీల పొట్లం వైపు చూసింది. "ఔ తాతా. నోరు తెరిస్తే ఒకటి లోపలికన్న పోవాలె, లేకుంటే గిట్ల ఒకటి బయటికన్న రావాలె. మీకు రెండూ అయితున్నయి."

ఆ తర్వాత ఆయన భువనగిరి కోటను చాలా శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు. కోట దాటిపోయాక కూడా అటే చూశాడు.

సత్తయ్య ఇదేమీ పట్టించుకోలేదు. మేకల వ్యాపారం చేసే మనిషి. ఏ జంతువునైనా చేత్తో ఎత్తి ధర చెప్తాడు, అందుకే ప్రపంచంలో ప్రతిదీ చేత్తో ఎత్తి తెలుసుకోవచ్చని అతని నమ్మకం. రక్తంలో ఉన్న మంటను మిషను కొలుస్తుందంటే నా వైపు జాలిగా చూస్తాడు.

నాంపల్లి నుంచి లాడ్జి దాకా

స్టేషన్ బయట ఆటోవాళ్లు మా సంచులు చూసి మమ్మల్ని పల్లెటూరివాళ్లని పోల్చుకున్నారు, చెల్లెను చూసి ధర పెంచారు. ఒకడు నోరు విప్పి అన్నాడు కూడా, "అమ్మ ఒక్కతే ఇద్దరు సవారీలు సాబ్." అబిడ్స్ ఎంత దూరమో నాకు తెలుసు. మా ఊళ్లో అంత దూరానికి ఆటో అడిగితే నవ్వుతారు. అయినా భాగ్య మోకాళ్ల కోసం ఎక్కాం. దిగాక ఆమె తన చేత్తోనే మామూలు కిరాయి ఇచ్చి, "రెండో సవారీ దిగలేదు, దాన్ని దింపినంక మిగతాది తీసుకో," అని నడిచింది. వాడు హారన్ కొట్టాడు.

లాడ్జిలో లిఫ్టు ఉందని బోర్డు ఉంది. లిఫ్టు కూడా ఉంది. దానిలో పరుపులు పెట్టుకున్నారు. మేనేజరు ఖదీర్ భాయ్ సిగ్గుపడకుండా, "నిజాం జమానాల నడిచిందట," అన్నాడు. కానీ భాగ్య మెట్ల వైపు చూసిన చూపు గమనించి, అడక్కుండానే కింద తను సామాను పెట్టుకునే గది ఖాళీ చేయించాడు. ఆ ఊళ్లో మాకు కనిపించిన మొదటి మర్యాద అదే. తర్వాత రెండోది చాలాసేపు కనిపించలేదు.

ఆ మధ్యాహ్నమే దవాఖానకు పోయి రక్తం ఇచ్చాం. వెయిటింగ్ హాల్లో గోడ నిండా సన్నటి తెల్లదొరల బొమ్మలు, యాపిల్ పట్టుకుని నవ్వుతూ. వాళ్లెవరికీ ఎప్పుడూ మోకాలు నొచ్చినట్టు లేదు. కుర్చీలు మాత్రం వాళ్ల కొలతకే చేయించారు. బరువు తగ్గించే దవాఖానలో బరువున్న మనిషి కూర్చోలేని కుర్చీలు! భాగ్య నిలబడే ఉంది. చలిగా ఉందని బూట్లు, సాక్సులు వేసుకుంది.

ఒక్క ఇడ్లీ గొడవ

ఇప్పుడు భాగ్య కడుపు చిన్నపిల్ల పిడికిలంత. ఒక ఇడ్లీ, గుడ్డు తెల్లసొన, కాసేపు ఆగి నీళ్లు. మా ఊళ్లో దీనితో ఒక బాధ. తినకపోతే పెట్టినవాళ్లను అవమానించినట్టు లెక్క. "ఇంకో ముద్ద, నా మీద ఒట్టు," అని ఒట్టు పెట్టి మరీ కూరతారు. ఆ ప్రేమకు కడుపు సంచి కొలతలు తెలియవు. నగరంలో ఇంకో బాధ. తక్కువ తింటే బీదవాళ్లమనుకుంటారు.

"ముగ్గురున్నరు, రెండు ప్లేట్లేనా?" అన్నాడు అబిడ్స్ హోటల్ సర్వరు.

"మాకు గంతే చాలు. నాకు విడిగ ఒక్క ఇడ్లీ పెట్టు," అంది భాగ్య.

"ఒక్కటే ఇడ్లీ సింగిల్ ప్లేట్ ఉండదు మేడం. కూసుంటే రెండు తినాలె."

"నిలబడితే?"

సర్వరు ఆలోచించాడు. "నిలబడితే పార్శిల్."

"నేను బస్సుల సీటుకు టికెట్ కొట్టిన గని, కూసున్నందుకు రెండు టికెట్లు ఎన్నడు కొట్టలె," అంది భాగ్య. రెండో ఇడ్లీ సత్తయ్య తిన్నాడు. పక్క బల్ల దగ్గర ఒక కుటుంబం ఫోన్లు చూసుకుంటూ దోసెలు సగం సగం వదిలేసి లేచిపోయింది. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. సన్నగా ఉన్నవాళ్లు పారేస్తే నాజూకు. లావుగా ఉన్నవాళ్లు తక్కువ తింటే అనుమానం.

ఇరానీ చాయ్ మాత్రం నేను రెండు తాగాను. ఇరవై రూపాయలకు అర కప్పు ఇచ్చి, దానికి ఇంత చరిత్ర ఉందని చెప్పుకునే ఊరు ఇదొక్కటే అయ్యుంటుంది. బాగుంది అని ఒప్పుకోకపోతే అబద్ధమవుతుంది.

అంకె

మరునాడు శనివారం సాయంత్రం డాక్టర్ వసుంధర రిపోర్టు చూసి, పాతది పక్కన పెట్టి మళ్లీ చూసింది. పొట్టి మనిషి, గొంతు గట్టిది. ఆపరేషన్ చేసింది ఆమే.

"ఎండాకాలం తర్వాత మొదటిసారి చూసినప్పుడు దిగింది. ఇప్పుడు మళ్లీ పెరిగింది. ఆపరేషన్‌కు ముందున్న దానికంటే ఎక్కువుంది. జ్వరం వచ్చిందా?"

"లేదు మేడం."

"జలుబు? పంటి నొప్పి? ఎక్కడన్నా గాయం?"

"ఏం లేదు మేడం."

"మందులు మానేసినవా?"

"మీరు చెప్పినవన్నీ తింటున్న."

డాక్టరు సోమవారం మళ్లీ రమ్మంది, ఇంకో రెండు పరీక్షలు చూద్దామంది. నేను నా చదువంతా తడుముకున్నాను. దిగాల్సింది ఎందుకు ఎక్కింది? కొవ్వు తగ్గింది, సెగ పెరిగింది. ఇది నేను చదివిన ఏ పేజీలోనూ లేదు. బయటికి వస్తుంటే సత్తయ్య ముందు నడిచి నా కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. తలుపు పట్టుకోవడంలో ఎంత గెలుపు పెట్టవచ్చో ఆ రోజు చూశాను.

భాగ్య మెట్ల దగ్గర కడ్డీ పట్టుకుని ఆగింది.

"పది నెలలు అన్నా. పెండ్లిళ్లల్ల పళ్లెం ముంగట కూసొని గుడ్డు తెల్లది తిన్న. అందరు నవ్విన్రు. లోపల మంట తగ్గుతదన్నవు. మోకాలు ఇప్పటికీ పొద్దున లేస్తే కర్ర తీరుగుంటది. నీ పుస్తకాలు మంచియే, గని నా కాళ్ల మీద నడిచేది నేను."

నేను ఆమె సంచి అందుకున్నాను.

నుమాయిష్

దుఃఖంలో ఉన్న మనిషిని ఎగ్జిబిషన్‌కు తీసుకుపోవాలనే ఆలోచన మేకల వ్యాపారికే వస్తుంది. నాంపల్లి మైదానంలో నుమాయిష్ నడుస్తోంది. కశ్మీరు శాలువాలు, పచ్చళ్లు, గాజులు, ఒక్క చోట కూడా పనికొచ్చే వస్తువు లేని రెండు వరుసల ప్లాస్టిక్. జనం డబ్బిచ్చి లోపలికొచ్చి, లోపల డబ్బిచ్చి, కాళ్లు నొప్పులని డబ్బిచ్చి కాళ్లు పిసికే కుర్చీలో కూర్చుంటున్నారు. పొట్ట కరిగించే బెల్టు ఒకటి. వణికే పలక ఇంకొకటి, దాని మీద నిలబడితే నెలలో సన్నబడతారట. దాన్ని అమ్మే మనిషి పొట్ట చొక్కా గుండీలను పరీక్షిస్తోంది.

"మీరు రోజు నిలబడరా దీని మీద?" అడిగింది భాగ్య.

"నాకు టైం ఎక్కడిది మేడం, పొద్దంత అమ్ముడే."

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. కొంచెం దూరం పోయి, కుంటుతూ వెనక్కి తిరిగి, "ఇగ చాలు, పోదాం," అంది. మోకాలే అనుకున్నాను. అందరం మోకాలే అనుకున్నాం.

ఆదివారం, ఫుట్‌పాత్ మీద పుస్తకాలు

అబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూస్తారు, వాటి ముందు పుస్తకాలు తెరుచుకుంటాయి. ఈ ఊరి గురించి నేను మంచి మాట రాయగలిగేది ఇక్కడే. కానీ అక్కడ కూడా బరువు తగ్గించే పుస్తకాలదే పెద్ద కుప్ప. అన్నం మానమనేది ఒకటి, అన్నమే తినమనేది ఒకటి, రెండూ పక్కపక్కనే, ఒకే ధరకు. నాకు కావలసింది లోమంట గురించి ఒక్క పేజీ. అమ్మే అతను అంజయ్య మంచివాడు. కుప్పంతా తిరగేసి పాత వైద్య విద్యార్థి పుస్తకం ఒకటి తీసిచ్చాడు. అట్ట లేదు, విషయసూచిక లేదు. అక్కడే నిలబడి చదవనిచ్చాడు. వెతికాను. చదువుతుండగానే సత్తయ్య నా భుజం తట్టాడు.

"బావా, మనం పుస్తకాలు కొననీకి రాలె. పోదాం పా."

పొడి గద్దె

నాంపల్లి వెనక సందులో, మొదటి అంతస్తులో ఉంది ఆ దుకాణం. దుకాణం అంటే ఒప్పుకోరు, గద్దె అంటారు. గోడ మీద బోర్డులో వాతం, లావు, షుగరు, సంతానం, కోర్టు కేసులు అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. కోర్టులు దగ్గర్లోనే ఉండడం వల్ల చివరిది చేర్చి ఉంటారు. గురూజీ నున్నటి ముఖంతో, రెండు ఫోన్లతో, మెత్తటి సోఫాలో ఉన్నాడు. ఒక ఫోన్లో మాట్లాడుతూనే భాగ్య నాడి పట్టుకున్నాడు. ఏ నాడి పట్టుకున్నాడో అతనికీ తెలియదు, ఫోన్లో వాడికీ తెలియదు.

"కడుపు కోసిన్రు గదా తల్లీ? కోస్తె మంట ఎట్ల తగ్గుతది? పెరుగుతది. రెండు దినాలల్ల నీ నొప్పి మాయం."

ఇందులో కనిపెట్టిందేమీ లేదు, మేం మెట్లెక్కేలోపే సత్తయ్య ఫోన్లో అంతా చెప్పేశాడు. అయినా సత్తయ్య నా వైపు చూశాడు, ఎట్ల కనిపెట్టిండు చూడమన్నట్టు.

భాగ్య ప్యాకెట్ చేతిలోకి తీసుకుంది. ముదురు గోధుమ రంగు పొడి.

"ఇండ్ల ఏమేం ఉన్నయి?"

"మూలికలమ్మా."

"ఏ మూలికలు?"

"అది మా తాతల రహస్యం."

"బోర్డు లేని బస్సు ఎక్కమంటరా నన్ను?"

గురూజీ తడుముకోలేదు. "నొప్పి లేని ఊరికి పోతదమ్మా. ఎక్కితె తెలుస్తది."

రెండు రోజుల్లో భాగ్య మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది. ప్యాకెట్ ఆమె పట్టుకున్న తీరులో అడిగే కండక్టరు లేదు, అలసిపోయిన మనిషి ఉంది. రెండు రోజుల్లో నొప్పి పోగొట్టే మూలిక లేదు. అలా పోగొట్టే పొడుల్లో నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు నూరి కలపడం ఉంటుందని నేను చదివాను. మామూలు కడుపునే పుండు చేసే మందు, పిడికిలంత సంచిలో ఏం చేస్తుంది? చెప్పబోయాను. కానీ నిన్న నా మాట తప్పయింది కదా.

ఆమె కాలు చాపింది. గద్దె ఉన్న గది కనుక గడప దగ్గర బూట్లే కాదు, సాక్సులు కూడా విప్పించారు. ఎడమ పాదం మడమకు పసుపు రాసిన గుడ్డ కట్టి ఉంది. అంచు తడిగా ఉంది. తడి నీళ్లది కాదు.

"ఏందది?"

"ఏం లేదన్నా. ముల్లు."

"ఎప్పుడు?"

భాగ్య సత్తయ్య వైపు చూసింది. సత్తయ్య గొంతు తగ్గించాడు. "దేవుని నడకల కుచ్చుకుంది బావా. గది చెప్పుకునేది కాదు."

అప్పుడు తెలిసింది. ఆపరేషన్ గది బయట సత్తయ్య మొక్కుకున్నాడట, బతికి బయటపడితే చెప్పులు లేకుండా మల్లన్న గుట్టకు నడిపిస్తానని. వారం కింద జాతరకు ఇద్దరూ నడిచారు. ఆమె జాతరకు పోయిందని నాకు తెలుసు, కండక్టరు కనుక బస్సులో పోయిందనుకున్నాను. మా వైపు ఒక కట్టుబాటుంది. మొక్కు దారిలో ముల్లు గుచ్చుకున్నా, బొబ్బలెక్కినా దాన్ని బాధ అని చెప్పుకోకూడదు. చెప్పుకుంటే మొక్కినందుకు పశ్చాత్తాపపడ్డట్టు, మొక్కు చెల్లదు. అందుకే డాక్టరు గాయం ఉందా అని ముఖం మీద అడిగినా లేదంది. ఆమె దృష్టిలో అది గాయం కాదు, దేవుడి సొమ్ము. సున్నం, పసుపు కలిపి కట్టింది సత్తయ్యే.

పొద్దున అంజయ్య కుప్పలో నేను వెతికింది కొవ్వు గురించి. కావలసింది అంతకంటే మొదటి పాఠం. ఆ అంకెకు చోటు తెలియదు. మంట కొవ్వులో ఉందా, కీలులో ఉందా, మడమలో చీము పట్టిందా, దానికి తేడా లేదు.

"భాగ్యా, నిన్న అంకె పెరిగింది కాలు వల్లనే అయి ఉంటది," అన్నాను.

"మడిమెకూ కడుపు ఆపరేషన్‌కూ ఏం సంబంధం బావా?" అన్నాడు సత్తయ్య. "నీ పుస్తకంల ఉన్నదా?"

"ఉన్నది."

"చూపియ్యి."

"జనగామల ఉన్నది."

గురూజీ ఫోన్ చెవి నుంచి తీశాడు. "నీ పుస్తకం జనగామల ఉంది సార్. నా పొడి ఇక్కడనే ఉంది." గదిలో అందరూ నవ్వారు. కోర్టు కేసు కోసం వచ్చినాయన కూడా.

భాగ్య నవ్వలేదు. తన కాలు చూసుకుంది. ప్యాకెట్ చూసింది. "రేపు డాక్టరమ్మకు కాలు చూపిస్త," అంది. "దేవునికి నేను చెప్పుకుంట. ఆమె గూడ నీ మాటే అంటే ఈ ప్యాకెట్ విప్ప. కాదంటే రైల్లనే తింట. సరేనా?"

సరే అనక చేసేదేముంది.

సోమవారం

డాక్టర్ వసుంధర గుడ్డ విప్పి, ముక్కు చిట్లించి, తర్వాత అరిచింది.

"గాయం ఉందా అని నేను అడిగిన్నా లేదా?"

"మీరు కడుపుల గాయం అడిగిన్రనుకున్న మేడం."

"కడుపుల గాయం నీకెట్ల కనపడుతది తల్లీ!"

నర్సు మమత చీము పిండి, లోపల విరిగి ఉన్న తుమ్మ ముల్లు ముక్క తీసి ట్రేలో వేసింది. టక్కుమని చప్పుడైంది. ఇంత ముక్క. దాని వల్ల పది నెలల తిండి, మందులు, ఓపిక అన్నీ అబద్ధమయ్యే దాకా వచ్చాయి. ప్రాణం దక్కినందుకు చెప్పిన కృతజ్ఞత ఇది!

నేను గెలిచానని అనుకుంటున్నారేమో. డాక్టరు నన్నూ వదల్లేదు. "కాలు వల్లనే పెరిగిందని నేను ప్రమాణం చెయ్యను. అయ్యుండొచ్చు. గాయం మానినంక మళ్లీ చూస్తేనే తెలుస్తది. అప్పటికీ దిగకపోతే వేరే కారణం వెతుకుదాం."

భాగ్య సంచిలోంచి ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు దాన్ని ముట్టుకోలేదు.

"ఇండ్ల ఏముందో నాకు తెల్వదు. అమ్మినోడు చెప్పడు. నొప్పి మాత్ర ఉందనుకో, నీ కడుపు అతుకు దగ్గర పుండు పడుతది, రక్తం పోతది. అది నిన్ను నేను మళ్లీ ఆపరేషన్ టేబుల్ ఎక్కించే పని. గాయం మానేదాకా విప్పకుండ ఉంచగలవా?"

"ఉంచుత. పారెయ్య."

"ఎందుకు?"

"పారేస్తె నాకు ఇంక వేరే దారి లేదన్నట్టు అయితది మేడం."

డాక్టరు తల ఊపి, "సరే, ఉంచుకో," అంది. ఆమె గొంతు తగ్గడం అప్పుడే విన్నాను.

ఇల్లు

తిరుగు రైలు గురించి రాయడానికి ఏమీ లేదు. ముగ్గురం మూడు వైపులు చూస్తూ వచ్చాం. ప్యాకెట్ సత్తయ్య ఇంట్లో టీవీ మీద చేరింది. వచ్చిపోయేవాళ్లు దాన్ని దేవుడి పటంలా చూశారు. పక్కింటావిడ అయితే, "జర నాకు ఒక చెంచ ఇయ్యి, నువ్వెట్లయినా తింటలెవ్," అని గిన్నె కూడా తెచ్చింది. కొన్ని పొద్దులు భాగ్య మోకాళ్లు పట్టుకుని మంచం మీద చాలాసేపు కూర్చునేదట, టీవీ వైపు చూస్తూ. టీవీ పెట్టకుండానే.

మమత నేర్పినట్టు కట్టు మార్చడం సత్తయ్య పని అయింది. సున్నం గిన్నె అటకెక్కింది. గాయం మూసుకున్నాక కూడా ఇంకొన్ని రోజులు ఆగి, మా ఊరి ల్యాబులోనే రక్తం ఇచ్చింది. రిపోర్టు నాకు ఇవ్వలేదు. సత్తయ్య తీసుకుని ఫోన్లో డాక్టరుకు చదివి వినిపించాడు. అటు నుంచి వచ్చిన మాట ఆ గది అంతా వినపడింది, ఆమె గొంతుకు ఫోన్ అవసరం లేదు. దిగింది. ఆపరేషన్‌కు ముందున్న దానితో పోలిస్తే బాగా కిందికి, మామూలు మనిషి హద్దుకు కొంచెం పైన. బరువు ముల్లు మాత్రం దసరాకు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది.

ఇది మా ఊళ్లో ఒక్కరికీ ఎక్కడం లేదు. బరువు కదలకపోయినా మంట తగ్గే ఉండవచ్చు. వాళ్లకు కంటికి కనిపించేదే లెక్క, లోపల ఆరింది లెక్కలోకి రాదు. నేను అతిగా కూడా చెప్పను. అరిగిన మోకాలి గుజ్జు మళ్లీ పుట్టదు. మంట తగ్గితే వాపు, పొద్దుటి బిగుసుకుపోవడం తగ్గుతాయి, ఆమెకు తగ్గుతున్నాయి, మెల్లగా. ఆపరేషన్ మంత్రం కాదు. తిండి, మందులు, పరీక్షలు బతికినన్నాళ్లూ ఉంటాయి.

ఆ సాయంత్రం భాగ్య ప్యాకెట్ తీసుకుని బయటికి నడిచి, వీధి మురుగు పారే మోరీలో మొత్తం పోసింది. పక్కింటావిడ గోడ మీంచి అయ్యో అంది.

"ఊకో వదినా," అంది భాగ్య. "మోరీకి మోకాళ్ల నొప్పులుంటే తగ్గుతయి."

కృతజ్ఞతలు

ఇంతమందిని వెక్కిరించాక మేలు చేసినవాళ్ల పేర్లు రాయకపోతే నా చదువు దండగ. అరిచినా నిజమే చెప్పిన, తెలియనిది తెలియదని ఒప్పుకున్న డాక్టర్ వసుంధరకు. ముల్లు తీసిన మమతకు. లిఫ్టు నడవకపోయినా కింద గది ఇచ్చిన ఖదీర్ భాయ్‌కి. కొనకుండా నిలబడి చదవనిచ్చిన అంజయ్యకు. తిరిగి రాగానే ఆ పేజీ తెరిచి సత్తయ్య చేతికి ఇవ్వడానికి పుస్తకాన్ని బయటికి పంపిన మా లైబ్రేరియన్ యాదగిరి సారుకు. ఆ పేజీ చదివి, "గిది ముందే చూపియ్యొద్దా బావా," అన్న సత్తయ్యకు. ఆ మాటకు కాదు, రోజూ సాయంత్రం పీట వేసుకుని కూర్చుని భార్య మడమ కడిగినందుకు.

చివరగా భాగ్యకు. ఇదంతా రాయనిచ్చింది, ఒక్క షరతు మీద. "కిలోలు మాత్రం రాయకన్నా. ముందు గింత, ఇప్పుడు గింత అని రాస్తె జనాలు గదే చదువుతరు. అడిగితే నా కాళ్లెట్లున్నయో చెప్పు." చెప్తున్నాను. మొన్న మంగళవారం డిపోలో ఖాళీ బస్సు ఎక్కి చూసింది. మొదటి మెట్టుకు కడ్డీ పట్టుకుంది. లోపల వెనక సీటు దాకా పోయి, తిరిగి ముందుకు వచ్చింది. ఎక్కడా ఒరుసుకోలేదు. డ్రైవరు, "టికెట్ ఏది?" అని నవ్వాడు. "స్టాఫ్," అంది.